మునిగే నేల, పండే వరి: బంగ్లాదేశ్ తిండికి ముప్పు నీటితోనా, నీరు వచ్చే వేళతోనా?

2024 ఆగస్టు చివర్లో బంగ్లాదేశ్ తూర్పు జిల్లాలైన ఫేనీ, కుమిల్లా, నోవాఖాలీలను పెద్ద వరద ముంచింది. దాదాపు 58 లక్షల మంది దాని బారిన పడ్డారు. అప్పటికి కొన్ని చేలల్లో ఆమన్ అనే వానాకాలపు వరి నాట్లు పూర్తయ్యాయి, మరికొన్ని చోట్ల నారు ఇంకా మడిలోనే ఉంది. రెండూ నీటి కిందికి వెళ్లిపోయాయి. ఆ ఏటి వరదల వల్ల సుమారు 11 లక్షల టన్నుల బియ్యం నష్టపోయినట్టు ఆ దేశ వ్యవసాయ శాఖ లెక్క తేల్చింది. ప్రభుత్వం బియ్యం దిగుమతికి సిద్ధపడింది.

ఇలాంటి వార్తలు చదివేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. 1971లో విడివడినప్పుడు ఏడు కోట్ల పైచిలుకు జనానికి కోటి టన్నుల బియ్యం పండించడానికే సతమతమైన దేశం, ఇప్పుడు 17 కోట్ల మందికి ఏటా నాలుగు కోట్ల టన్నులకు చేరువగా పండిస్తోంది. ఈ యాభై ఏళ్లలో వరదలు ఆగిందీ లేదు. మరి వాతావరణ మార్పు వల్ల బంగ్లాదేశ్ తిండికే ముప్పు వస్తుందనేవారు అతిగా చెబుతున్నారా, లేక ఈ పంట లెక్కల వెనక ఇంకేదైనా ఉందా? పంట పెరిగిన మాటా నిజమే, ముప్పు పెరిగిన మాటా నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే ముందు అక్కడి నీటిని అర్థం చేసుకోవాలి.

బొర్షా వేరు, బొన్నా వేరు

బంగ్లాదేశ్ నేలలో దాదాపు 80 శాతం వరద మైదానం. అక్కడ పద్మ అని పిలిచే గంగ, జమున అని పిలిచే బ్రహ్మపుత్ర, వీటితో కలిసే మేఘన, ఈ మూడు నదులూ కలిసి మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిన దేశమది. ఆ నదుల పరీవాహక ప్రాంతంలో 90 శాతానికి పైగా దేశం సరిహద్దులకు ఆవలే ఉంది. అంటే అస్సాంలో, బీహార్‌లో, నేపాల్‌లో, మేఘాలయలో కురిసిన వాన కూడా చివరికి ఈ చిన్న దేశం మీదుగానే సముద్రం చేరాలి.

మామూలు ఏడాదిలో కూడా దేశంలో ఐదో వంతు నుంచి పావు వంతు నేల కొంతకాలం నీటిలో ఉంటుంది. దీన్ని అక్కడి రైతు విపత్తు అనడు. బెంగాలీలో ఏటా వచ్చి పోయే నీటిని బొర్షా అంటారు. ఇళ్లూ పంటలూ తీసుకుపోయే వరదను బొన్నా అంటారు. బొర్షా చేలో మెత్తటి మట్టి పరుస్తుంది, చేపపిల్లలను గుంటల్లోకి తెస్తుంది, ఎండాకాలం బోర్లు తోడిన భూగర్భ జలాన్ని తిరిగి నింపుతుంది. ఎర్రనీరు దిగాక లంక భూముల్లో కూరగాయలు వేసే గోదావరి రైతుకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

కాబట్టి వరద వచ్చిందా లేదా అని అడిగితే సరిపోదు. ఏ నెలలో వచ్చింది, ఎంత లోతున వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది, ఆ నీరు తియ్యనిదా ఉప్పదా అని అడగాలి. బొర్షా బొన్నాగా మారేది ఈ నాలుగింటి దగ్గరే. వాతావరణ మార్పు కదిలిస్తున్నదీ ఈ నాలుగింటినే.

తిండి ఉండటం, తిండి అందటం

ఆహార భద్రత అనగానే గోదాముల్లో బస్తాలు గుర్తొస్తాయి. 1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార శిఖరాగ్ర సభ ఆ మాటను ఇంకా విస్తృతంగా నిర్వచించింది. ఆ నిర్వచనం నుంచి నాలుగు అంశాలను చెబుతారు: దేశంలో తగినంత తిండి ఉండటం, దాన్ని కొనుక్కునే స్తోమత మనుషులకు ఉండటం, తిన్నది ఒంటబట్టేలా శుభ్రమైన నీరూ ఆరోగ్యమూ ఉండటం, ఈ మూడూ ఏడాది పొడవునా నిలకడగా ఉండటం.

మొదటిదీ రెండోదీ ఒకటి కావని బంగ్లాదేశ్‌కు 1974లోనే తెలిసివచ్చింది. ఆ ఏడాది బ్రహ్మపుత్ర వరదల తరువాత వచ్చిన కరవులో చనిపోయినవారిని ప్రభుత్వం వేలల్లో లెక్కిస్తే, పరిశోధకుల అంచనాలు లక్షల్లోకి వెళ్లాయి. ఆర్థికవేత్త అమర్త్యసేన్ ఆ కాలపు లెక్కలు పరిశీలించి, 1974లో తలసరి తిండిగింజల లభ్యత దానికి ముందు వెనక సంవత్సరాల కంటే ఎక్కువగానే ఉందని చూపించారు. మరి జనం ఎందుకు చనిపోయారు? వరద ముంచేసిన చేలల్లో కూలి పని లేకుండా పోయింది. పంట పోతుందన్న భయంతో బియ్యం ధర ముందే ఎగిసింది. రోజు కూలితో కొనగలిగే బియ్యం సగానికీ అంతకంటే తక్కువకూ పడిపోయింది. క్యూబాకు జనపనార ఉత్పత్తులు అమ్మిందన్న కారణంతో అమెరికా ఆహార సాయాన్ని ఆపింది కూడా అప్పుడే.

ఈ ఉదాహరణను నేను ముందే చెప్పడానికి కారణం ఉంది. వాతావరణ మార్పు గురించి రాసేటప్పుడు దిగుబడి ఎన్ని శాతం తగ్గుతుందన్న అంచనాతోనే చాలామంది ఆగిపోతారు. వరద పీడిత దేశంలో ఆకలి చాలాసార్లు పంట నష్టం కంటే ముందే, కూలి నష్టం రూపంలో వస్తుంది. ఉత్తరాన రంగపూర్ ప్రాంతంలో ఆమన్ నాట్లకూ కోతలకూ మధ్య, అంటే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పని దొరకని రోజులకు మొంగా అనే పేరే ఉండేది. ఆ రోజుల్లో బియ్యం అంగట్లోనే ఉండేది. కొనడానికి చేతిలో డబ్బు ఉండేది కాదు.

సార్వా నుంచి దాళ్వాకు

బంగ్లాదేశ్‌లో మూడు వరి పంటలున్నాయి. వేసవిలో వేసి ఆగస్టు నాటికి కోసే ఆవుష్. వానాకాలంలో నాటి నవంబరు, డిసెంబరుల్లో కోసే ఆమన్. చలికాలంలో నాటి ఏప్రిల్, మే నెలల్లో కోసే బోరో. గోదావరి జిల్లాల మాటలో చెప్పాలంటే ఆమన్ సార్వా, బోరో దాళ్వా. ఒకప్పుడు దేశాన్ని పోషించింది ఆమనే. బోర్లు, రసాయన ఎరువులు, పొట్టి రకాలు వచ్చాక బోరో పెరిగి పెరిగి, ఇప్పుడు మొత్తం బియ్యంలో సగానికి పైగా అదే ఇస్తోంది.

దేశం తిండిని వరద నెలల నుంచి ఎండ నెలలకు జరిపిన మార్పు ఇది. దీని విలువ 1998లో తేలింది. ఆ ఏడాది దేశంలో మూడింట రెండు వంతుల నేల మునిగింది. చాలా చోట్ల నీరు రెండు నెలలకు పైగా నిలిచింది. ఇరవై లక్షల టన్నులకు పైగా బియ్యం పోయింది. అయినా 1974 పునరావృతం కాలేదు. అప్పటికి నాలుగేళ్ల క్రితం ప్రైవేటు దిగుమతులకు అనుమతి ఇచ్చి ఉండటంతో వ్యాపారులు భారత్ నుంచి బియ్యం తెచ్చి ధరను అదుపులో ఉంచారు. ఒండ్రు పడిన చేలల్లో వేసిన బోరో మరుసటి వేసవిలో విరగపండింది. పేద ఇళ్లు మాత్రం ఆ నెలలను అప్పు చేసి దాటాయి. పిల్లల తిండి తగ్గింది. దేశం గట్టెక్కినంత తేలిగ్గా ఇల్లు గట్టెక్కదని కూడా 1998 చూపింది.

వాతావరణ మార్పు దేన్ని మారుస్తోంది, దేన్ని ఇంకా తేల్చలేం

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. 19వ శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూమి సగటున 1.1 డిగ్రీలు వేడెక్కింది. వాన కురిసినప్పుడు ఒక్కసారిగా కుండపోతగా కురిసే అవకాశం పెరగడానికి ఇదే మూలం. సముద్ర మట్టం పెరగడమూ అనుమానం లేని విషయమే.

అయితే ఒక్కొక్క వరదనూ దీనికే కట్టబెట్టడం సరికాదు. 2022 జూన్ 17న చిరపుంజిలో ఒక్క రోజులో 972 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ నీటితో బంగ్లాదేశ్ ఈశాన్యాన సునాంగంజ్, సిల్హెట్ పట్టణాలు మునిగి, ఆ ప్రాంతంలో 70 లక్షలకు పైగా జనం ఇబ్బంది పడ్డారు. కానీ అదే చిరపుంజిలో 1995 జూన్ 16న 1,563 మిల్లీమీటర్లు కురిసిన రికార్డు ఉంది. పెద్ద వాన అక్కడ కొత్త కాదు. అలాంటి వానలు ఎంత తరచుగా వస్తున్నాయి, ఏ వారంలో వస్తున్నాయి అన్నవే అసలు ప్రశ్నలు. ఆ రెండో ప్రశ్న ఎంత బరువైనదో హావోర్లలో కనిపిస్తుంది.

హావోర్‌లో పది రోజుల తేడా

ఈశాన్యాన సునాంగంజ్, సిల్హెట్, నేత్రకోణ, కిశోర్‌గంజ్ మొదలైన ఏడు జిల్లాల్లో పళ్లెం ఆకారపు పల్లపు నేలలున్నాయి. వాటిని హావోర్లు అంటారు. వానాకాలంలో అవి ఒడ్డు కనిపించని మంచినీటి సరస్సులు. ఊళ్లు దిబ్బల మీద ద్వీపాల్లా తేలుతుంటాయి. వానలు వెనకపట్టాక నీరు తీసి నేల బయటపడుతుంది. ఆ నేలలో ఏడాదికి పండేది ఒక్కటే పంట, బోరో. ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య లోపు కోయాలి. ఆ తరువాత మేఘాలయ కొండల నీరు ఎలాగూ దిగివస్తుంది.

ఈ లెక్క మీదే అక్కడ ప్రత్యేకమైన కరకట్టలు కడతారు. ఇవి వరదను పూర్తిగా ఆపడానికి కట్టినవి కావు, కోతలు అయ్యేదాకా ఆపడానికి కట్టినవి. ఆ తరువాత నీరు వాటి మీదుగా పొర్లి, అవి కూడా మునిగిపోతాయి. మట్టికట్టలు కాబట్టి ప్రతి శీతాకాలం మరమ్మతు చేయాల్సిందే.

2017లో కొండనీరు మార్చి చివర్లోనే వచ్చేసింది. మరమ్మతు పూర్తికాని కట్టలకు గండ్లు పడ్డాయి. పనుల్లో అవినీతి జరిగిందన్న ఆరోపణలపై విచారణలు కూడా మొదలయ్యాయి. పాలు పోసుకుంటున్న దశలో ఉన్న వరి పచ్చిగానే మునిగింది. కొన్నాళ్లకు ఆ వరి కుళ్లి నీటిలో ప్రాణవాయువు తగ్గి, చేపలు చచ్చి తేలాయి. పంట పోతే కనీసం చేపలు పట్టి బతుకుదామనుకున్న కుటుంబానికి ఆ దారి కూడా మూసుకుపోయింది.

అలాగైతే ముందే నాటవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. ఇక్కడే చిక్కు. డిసెంబరు కంటే ముందే నాటిన వరి చలి ఇంకా తగ్గకముందే చిరుపొట్టకు వస్తుంది. ఆ దశలో చలి తగిలితే గింజలు తాలు పోతాయి. 140 రోజుల బ్రి ధాన్ 28 రకం త్వరగా కోతకు వస్తుంది కానీ, 160 రోజుల బ్రి ధాన్ 29 ఎక్కువ పండుతుంది. ఏడాది తిండి ఒక్క పంట మీదే ఆధారపడిన రైతు ఆ అదనపు బస్తాల కోసం 29 వైపు మొగ్గితే అది అజ్ఞానం కాదు. ఇక ఆలస్యంగా పూత పట్టిన చేనుకు మరో గండం ఉంది: 2021 ఏప్రిల్ 4న కిశోర్‌గంజ్, నేత్రకోణ ప్రాంతాల్లో సాయంత్రం వీచిన వేడిగాలికి పూత మీదున్న వరి మరునాటికి తెల్లబడిపోయింది. ముందుకు జరిగితే చలి, వెనక్కు జరిగితే వేడి, వరద. రైతుకు మిగిలిన సురక్షితమైన రోజులు ఇరుకైపోవడమంటే ఇదే.

ఇది ఒక ఇంట్లో ఎలా ఉంటుందో చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు సులువు కోసం నేను అనుకున్నవి. ఐదుగురి కుటుంబానికి ఎకరా బోరో ఉంది, 22 క్వింటాళ్ల ధాన్యం పండుతుంది. మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం చొప్పున ఇంటికి ఏడాదికి 730 కిలోలు కావాలి, అంటే సుమారు 11 క్వింటాళ్ల ధాన్యం. సగం తింటారు, సగం అమ్మి ఎరువులకూ నీటికీ తెచ్చిన అప్పు తీరుస్తారు. వరద పది రోజులు ముందొచ్చి పంటంతా పోతే ఆ 730 కిలోలూ కొనాలి. కిలో 35 టాకాలు ఉన్నప్పుడు అది 25,550 టాకాలు. ఊరంతా కొనేవాళ్లే అయ్యాక ధర 45కు వెళితే 32,850 టాకాలు. రోజుకు 400 టాకాల కూలి అనుకుంటే, ఒక్క బియ్యానికే 82 రోజుల కూలి. కోతలే లేని చోట ఆ 82 రోజుల పని ఎక్కడ దొరుకుతుంది? పాత అప్పు అలాగే ఉంది. అందుకే హావోర్ నుంచి మనుషులు ఢాకా రిక్షాల దగ్గరికీ కుట్టు కర్మాగారాలకూ చేరతారు.

దేశం మొత్తం పంటలో 2017 హావోర్ నష్టం కొద్ది శాతమే. అయినా ప్రభుత్వ గోదాముల్లో నిల్వలు అప్పటికే రెండు లక్షల టన్నుల లోపుకు పడిపోయి ఉండటంతో దేశమంతటా ముతక బియ్యం ధర ఎగిసింది. దిగుమతి సుంకాన్ని 28 శాతం నుంచి 10కి, తరువాత 2 శాతానికి తగ్గించాల్సి వచ్చింది.

ఉప్పు ఎవరి వల్ల వచ్చింది?

నైరుతి తీరంలో సమస్య వేరు. ఖుల్నా, సాత్‌ఖీరా, బాగేర్‌హాట్ జిల్లాల్లో నీరు కాలానికే వస్తుంది, కానీ ఉప్పగా వస్తుంది. ఉప్పు సోకిన భూమి 1973లో 8.33 లక్షల హెక్టార్లుంటే 2009 నాటికి 10.56 లక్షల హెక్టార్లకు చేరిందని ఆ దేశ భూసార సంస్థ సర్వేలు చెబుతున్నాయి.

కారణంపై మాత్రం ఏకాభిప్రాయం లేదు. సముద్ర మట్టం పెరగడమే మూలమని ఒక వాదం. 1975లో భారత్‌లో మొదలైన ఫరక్కా బ్యారేజీ ఎండాకాలపు గంగ నీటిని మళ్లించడంతో, ఉప్పును సముద్రం వైపు నెట్టే మంచినీరు తగ్గిందని మరో వాదం; రెండు దేశాల ముప్పై ఏళ్ల గంగా జలాల ఒప్పందం గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది కాబట్టి ఈ వాదానికి ఇప్పుడు రాజకీయ బరువు కూడా ఎక్కువ. 1980ల నుంచి రొయ్యల కోసం ఉప్పునీటిని కావాలనే చేలలోకి తెచ్చారన్నది మూడో వాదం. రొయ్యల చెరువులు పెరిగిన కోనసీమ, భీమవరం ప్రాంతాల్లో పక్క చేను చౌడు బారడం చూసినవారికి ఇది తెలిసిన గొడవే. నాకు మూడూ నిజమే అనిపిస్తుంది, కానీ నిష్పత్తి ఊరు ఊరికీ మారుతుంది. అన్నిటినీ వాతావరణం మీదకు నెట్టేస్తే తూము ఎవరు తెరిచారన్న ప్రశ్న మరుగున పడుతుంది.

కరకట్టల కథ ఇంకా మెలికలు తిరిగినది. 1960ల నుంచి తీరంలో పోల్డర్లు కట్టారు: చుట్టూ కట్ట, మధ్యలో చేలు, నీరు పోవడానికి తూములు. ఇప్పుడు అవి 139 ఉన్నాయి. మొదట్లో పంట బాగా పెరిగింది. కానీ పోటుతో వచ్చే ఒండ్రు చేలలోకి రాలేక నదిలోనే పేరుకుంది. నది అడుగు పైకి లేచింది, కట్ట లోపలి నేల కుంగింది. వాన నీరు బయటికి పోయే దారి లేక చేలు ఏళ్ల తరబడి నిలవ నీటిలో ఉండిపోయాయి. 1997లో జెస్సోర్, ఖుల్నా జిల్లాల సరిహద్దులోని బీల్ భాయినా దగ్గర ప్రజలే కట్టను తెంచారు. పోటు నీరు ఒండ్రు తెచ్చి నేలను ఎత్తు చేసింది, నది లోతైంది. ఇంజనీర్లు తరువాత దాన్నే ఒక పద్ధతిగా స్వీకరించారు. అయితే నేల లేచేదాకా కొన్నేళ్లు ఆ చేల యజమానులు పంట వదులుకోవాలి. పరిహారం సరిగా అందని చోట వారు ఎదురు తిరిగారు. మరోవైపు, కట్ట తెగితే ఏమవుతుందో 2009 మే నెల ఐలా తుపాను చూపింది: ఖుల్నాలోని దాకోప్ ప్రాంతంలో గండ్లు పూడక దాదాపు రెండేళ్లు పోటు నీరు ఊళ్లలోకి వచ్చిపోతూనే ఉంది. కట్టలు ఎత్తు పెంచాలనేవారికీ నీటికి దారి వదలాలనేవారికీ ఇక్కడే చెరో సాక్ష్యం దొరుకుతుంది.

మార్టేరు గింజ

ఈ కథలో తెలుగు నేలకు నేరుగా సంబంధించిన ముక్క ఒకటుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029 రకాన్ని మనం స్వర్ణ అంటాం. సరిహద్దు దాటి అది బంగ్లాదేశ్ ఉత్తర జిల్లాల్లోనూ పాతుకుపోయింది. బాగా పండుతుంది, తక్కువ ఎరువుతో సరిపెట్టుకుంటుంది, కానీ వారం రోజులు పూర్తిగా మునిగితే చచ్చిపోతుంది.

మునిగిన మామూలు వరి ఊపిరి కోసం ఆకులను పైకి సాగదీస్తుంది. అలా సాగడంలో దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చయిపోతుంది. నీరు తీశాక నిలబడే సత్తువ లేక చేనంతా పడిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఏ అనే పాత వరి ఇందుకు విరుద్ధంగా ప్రవర్తిస్తుంది: మునగగానే పెరుగుదల ఆపేసి, శక్తి దాచుకుని, నీరు తీశాక కొత్త ఆకు వేస్తుంది. ఈ గుణానికి కారణమైన సబ్1 జన్యువును 2006 నాటికి శాస్త్రవేత్తలు గుర్తించారు. దాన్ని సంప్రదాయ సంకరణంతోనే స్వర్ణలో చేర్చారు. ఆ స్వర్ణ సబ్1నే 2010లో బంగ్లాదేశ్ వరి పరిశోధన సంస్థ బ్రి ధాన్ 51గా విడుదల చేసింది. దాదాపు రెండు వారాల మునకను అది తట్టుకుంటుంది.

దీన్ని పూర్తి పరిష్కారం అనుకోకూడదు. నీరు నెల నిలిచినా, పూత దశలో మునిగినా సబ్1 ఆదుకోలేదు. నెలల తరబడి లోతు నీరుండే చోట కావలసింది సరిగ్గా దీనికి ఎదురు గుణం: నీటితోపాటు మీటర్ల కొద్దీ పొడుగు సాగే పాతకాలపు లోతునీటి ఆమన్. ఏ చేనుకు ఏ గుణం కావాలన్నది మళ్లీ నీరు ఎన్నాళ్లు ఉంటుందన్న ప్రశ్న దగ్గరికే వస్తుంది.

సరిహద్దు అవతలి నిర్ణయాలు

పంట పోయిన ఏడాది కొనుక్కోవడం బంగ్లాదేశ్‌కు తప్పదు, దగ్గరి అమ్మకందారు భారత్. 2007 అక్టోబరులో భారత్ బాస్మతీయేతర బియ్యం ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. నవంబరు 15న సిడ్ర్ తుపాను కోతకొచ్చిన ఆమన్‌ను నేలమట్టం చేసింది. ఐదు లక్షల టన్నులు ఇస్తామని భారత్ మాట ఇచ్చినా, 2008 వేసవికి ఢాకాలో బియ్యం ధర పేదల చేతికి అందనంత ఎత్తుకు పోయింది. 2023 జులైలో మళ్లీ తెల్ల బియ్యం ఎగుమతి నిషేధం వచ్చింది. మన వైపు నుంచి చూస్తే ఇక్కడి ధరలు అదుపు చేయడం ప్రభుత్వ బాధ్యత; అటు నుంచి చూస్తే సరిగ్గా అవసరమైనప్పుడే తలుపు మూసుకునే పొరుగిల్లు. ఒకే రుతుపవనం రెండు దేశాలనూ దెబ్బతీసే ఏడాదిలో ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

ఇంత ఒత్తిడిలోనూ ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2004లో 51 శాతం ఉంటే 2022కు 24 శాతానికి తగ్గారు. ఆశావహులు ఈ అంకెను చూపడంలో న్యాయముంది. అలాంటి పిల్లల శాతం ఏ ప్రాంతంలో ఎక్కువని అడిగితే సిల్హెట్ పేరు ముందు వస్తుంది. అది హావోర్ల ప్రాంతం.

నీరు తీశాక

2024 వరద తరువాత ఫేనీ, కుమిల్లా రైతుల ముందున్న ప్రశ్న నారు ఎక్కడ దొరుకుతుందన్నదే. బీఆర్ 22, బీఆర్ 23 వంటి రకాలు పగటి పొద్దు తగ్గినప్పుడే పూతకు వస్తాయి కాబట్టి, సెప్టెంబరు మధ్య దాకా ముదురు నారు నాటినా గింజ కడతాయి. ముంపు లేని చోట్ల పోసిన నారును తెచ్చి పంచే ప్రయత్నాలు జరిగాయి. చేలన్నీ నీటిలో ఉన్నచోట నారు పోసేందుకు వ్యవసాయ శాఖ చెప్పే పద్ధతి ఒకటుంది: అరటి బోదెలు కట్టి తెప్పలా చేసి, మీద గుర్రపుడెక్క పరిచి, దాని మీద పలచగా బురద పూసి మొలక చల్లుతారు. నీటితోపాటే ఆ నారుమడి లేస్తుంది, దిగుతుంది. నీరు సెప్టెంబరు 15 లోపు తీస్తే ఆ నారు చేలో పడుతుంది. నెలాఖరుకు తీస్తే చేను బోరో దాకా ఖాళీగా ఉంటుంది, నాట్లకు వెళ్లే కూలీలకు ఆ మధ్య రోజుల్లో పని ఉండదు.